2047కి ప్లాన్ రాయమన్నారు: సైనిక సంక్షేమ ఆఫీసు చుట్టూ నా నాలుగు నెలలు

వినాయక చవితి అయిన మూడో రోజు, అంటే 2024 సెప్టెంబర్ 9 సోమవారం. మా వీధి వినాయకుణ్ణి నిమజ్జనానికి తీస్తున్నారు. డీజే మోతలో ఫోన్ వినపడలేదు, చూసేసరికి మూడు మిస్డ్ కాల్స్. మాజీ సైనికుల పనులు చూసే మా సైనిక సంక్షేమ అధికారి. తిరిగి చేస్తే, "ఏమోయ్ హవల్దారూ, నీకు ఎక్సెల్ వచ్చు కదా, ఎల్లుండి ఓసారి రా" అన్నారు. ఎందుకు సార్ అంటే, "2047 వరకు ప్లాన్ రాయాలట" అని ఫోన్ పెట్టేశారు.

నా గురించి రెండు ముక్కలు. ఆర్మీ సిగ్నల్స్ విభాగంలో క్లర్కుగా 24 ఏళ్లు చేసి 2019లో వచ్చేశాను. ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని. మా మండలం మాజీ సైనికుల సంఘానికి కార్యదర్శిని, అంటే వాట్సాప్ గ్రూపు నడిపేవాణ్ణి. జిల్లా పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో కొన్ని ఫిర్యాదులున్నాయి, ఆ ఆఫీసులో పని చేసేవాళ్లు చెడ్డవాళ్లు కారు. నాలుగు నెలలు నేను పడ్డ పాట్లు రేపు ఇంకెవరినైనా ఇలాగే పిలిస్తే పనికొస్తాయని రాస్తున్నాను.

సెప్టెంబర్ 11న వెళ్లాను. మా ఊరి నుంచి 55 కిలోమీటర్లు, రెండు బస్సులు. ఆఫీసంటే రెండు గదులు, మూడు స్టీలు బీరువాలు, ఒక క్లర్కు, ఒక అటెండరు. మిగతా కుర్చీలు ఖాళీ. అప్పట్లో రాష్ట్రమంతా స్వర్ణాంధ్ర 2047 పేరుతో ప్రతి శాఖ నుంచీ, ప్రతి జిల్లా నుంచీ ప్లాన్లు తెప్పిస్తున్నారు కదా, ఆ ప్రొఫార్మా ఒకటి మా సార్ టేబుల్ మీదికీ వచ్చింది. పదకొండు పేజీలు, అంతా ఇంగ్లీషు. ప్రస్తుత పరిస్థితి, 2029 లక్ష్యం, 2047 లక్ష్యం, కావాల్సిన బడ్జెట్. నాలుగో పేజీలో "సాగు విస్తీర్ణం, హెక్టార్లలో" అని ఒక గడి! ఎవరో వ్యవసాయ శాఖ ఫారం పేరు మార్చి మాకు పంపించారు. "అందులో సున్నా వేసెయ్" అన్నారు సార్. వేశాను. తర్వాత అది ఎంత పని చేసిందో చెప్తాను.

గడువు పది రోజులు. అసలు మెలిక అది కాదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, మా సైనిక ఆఫీసు మాత్రం పాత జిల్లాదే, ఇప్పటికీ రెండు జిల్లాలకూ అదొక్కటే. జిల్లా సైనిక బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు కాబట్టి రెండు కలెక్టరేట్ల నుంచీ విడివిడిగా రెండు లెటర్లు వచ్చాయి, రెండు ప్రొఫార్మాలు, రెండిట్లో గడులు వేరు. ఉన్నదేమో ఒకటే రిజిస్టరు, అందులో ఊరి పేరుంది, మండలం పాతది, కొత్త జిల్లా లేదు. ఏ ఊరు ఎటు పోయిందో విడదీయడానికే నాలుగు రోజులు పట్టింది.

నేను మొదట చేసిన తప్పేంటంటే, ప్రొఫార్మా మొదటి పేజీ నుంచి నింపడం మొదలుపెట్టాను. "విజన్ స్టేట్‌మెంట్" దగ్గరే రోజంతా పోయింది. రాత్రి ఇంటికొచ్చి అన్నం తింటూ చెప్తుంటే మా ఆవిడ, "అసలు మీవాళ్లు ఎంతమంది ఉన్నారండీ, ఎంత వయసువాళ్లు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆఫీసు దగ్గరా లేదు. మర్నాటి నుంచి విజన్ పక్కన పెట్టి వయసుల లెక్కలో పడ్డాను.

రిజిస్టరు గురించి చెప్పాలి. మిలిటరీ నుంచి వచ్చేసినవాడు డిశ్చార్జ్ బుక్ తీసుకుని వస్తే పేరెక్కుతుంది. తర్వాత అతను చనిపోతే ఎవరూ వచ్చి చెప్పరు. భార్య ఐడీ కార్డు కోసం వస్తేనే తెలుస్తుంది, ఆమె కూడా ముందే పోయి ఉంటే అతను రిజిస్టరులో చిరంజీవి. 1928లో పుట్టినవాళ్లు కూడా ఉన్నారు, లెక్కప్రకారం 96 ఏళ్లు. పోనీ నవంబర్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్లతో సరిచూద్దామంటే, ఇప్పుడు పెన్షన్లన్నీ రక్షణ శాఖ వాళ్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లోకి వెళ్లాయి, డబ్బులు ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ ఆఫీసు నుంచి నేరుగా ఖాతాలో పడతాయి, ఆ వివరాలు మా ఆఫీసుకు కనపడవు. మునుపు బ్యాంకు మేనేజర్‌ని బతిమాలితే ఓ లిస్టు ఇచ్చేవాడు, ఇప్పుడతని దగ్గరా లేదు.

అందుకని మండలానికొకరు చొప్పున మా సంఘాలవాళ్లకు లిస్టులు పంపించాం. మా మండలం నేనే తిరిగాను, సెప్టెంబర్ 16 నుంచి ఎనిమిది రోజులు, కాలేజీకి సెలవు పెట్టి. మా రిజిస్టరులో 214 పేర్లు. అందులో 37 మంది లేరు. పదకొండు మంది హైదరాబాదో, పిల్లల దగ్గర బెంగళూరో వెళ్లిపోయారు. రిజిస్టరులో లేనివాళ్లు పదిహేను మంది దొరికారు.

ఆ పదిహేను మందిలో ఒక తాతగారి సంగతి చెప్పకుండా ఉండలేను. 81 ఏళ్లు. చైనా యుద్ధం తర్వాత జోరుగా చేర్చుకున్నప్పుడు 1963లో చేరారు, 65 యుద్ధంలో పంజాబ్ వైపు ఉన్నారు, తండ్రి పోతే ఇంటి బాధ్యత మీద పడి 1970లో స్వయంగా అడిగి వచ్చేశారు. పదిహేనేళ్లు నిండలేదు కాబట్టి పెన్షన్ లేదు. డిశ్చార్జ్ బుక్ ఉందా తాతగారూ అంటే, మంచం కింద నుంచి బిస్కెట్ల రేకు డబ్బా లాగారు. అందులో పుస్తకం, దాని చుట్టూ పాలిథీన్ కవరు, దాని చుట్టూ మళ్లీ గుడ్డ. అంచులు చెదలు తినేశాయి. పేజీ తిప్పితే పొడి రాలుతోంది. క్యారెక్టర్ అన్న చోట మాత్రం సిరా ఇంకా నల్లగానే ఉంది, "ఎగ్జెంప్లరీ". ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు, కానీ ఆ మాట ఎక్కడుందో తెలుసు, వేలు పెట్టి చూపించారు.

పెన్షన్ రాని, 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకు కేంద్రీయ సైనిక బోర్డు అప్పట్లో నెలకు 4,000 ఇచ్చేది, హవల్దారు ర్యాంకు వరకు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఓటీపీ కావాలి, ఆయనకు ఫోన్ లేదు, మనవడి నంబరు పెట్టాం, వాడు కంపెనీ డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తలేదు, మొత్తానికి మూడోసారి వెళ్లినప్పుడు అప్‌లోడ్ అయ్యింది. ప్లాన్‌తో సంబంధం లేని పని ఇది. సార్ కోప్పడతారనుకున్నాను, "ప్లాన్ పోతే పోయింది, ఇలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో చూడు" అన్నారు. అక్కడ ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇంకో ఊళ్లో ఒక మామ్మగారు. భర్త పోయి ఆరేళ్లు. పెన్షన్ ఆర్డరులో అప్పలమ్మ, ఆధార్‌లో అప్పలనర్సమ్మ. ఈ ఒక్క తేడాతో ఫ్యామిలీ పెన్షన్ రెండుసార్లు ఆగింది. ప్రొఫార్మాలో "లబ్ధిదారుల ఆకాంక్షలు" అని ఒక గడి ఉంది కదా, సరే అని అడిగాను, 2047 నాటికి మీకేం కావాలి మామ్మగారూ అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అప్పటికి నన్నెక్కడ వెతుక్కుంటావు నాయనా, ముందు నా పేరు సరిచేయించు" అంది. ఆ మాట యథాతథంగా ఆ గడిలో రాశాను. సార్ కొట్టేశారు.

సెప్టెంబర్ 28 శనివారం సలహాల మీటింగు పెట్టాం. నలభై మంది వస్తారనుకుని సమోసాలు చెప్పాం, నూట ఇరవై మందికి పైగా వచ్చారు. రెండున్నర గంటలు నడిచింది. అందులో 2047 మాట వచ్చింది పది నిమిషాలు. మిగతా టైమంతా మాజీ సైనికుల కోటాలో వచ్చిన భూములు. తెలియనివాళ్లకు: మన దగ్గర మాజీ సైనికులకు రెండున్నర ఎకరాల మాగాణి లేదా అయిదెకరాల మెట్ట ఇస్తారు, పదేళ్లు దాటితే అమ్ముకోవచ్చని 1993లోనే జీవో 1117 ఉంది. ఉన్నా, రిజిస్ట్రేషన్లు చేయని నిషేధిత జాబితాలో పడిన సర్వే నంబరు బయటికి రావాలంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కోసం ఏళ్ల తరబడి తిరగాలి. ఒకాయన కూతురి పెళ్లికని మొదలుపెట్టాడట, ఇప్పుడు ఆ అమ్మాయి కొడుకు స్కూలుకెళ్తున్నాడు. తర్వాత మాజీ సైనికుల పాలీక్లినిక్‌లో మందులు, మిలిటరీ క్యాంటీన్ దూరం, పేర్లలో తప్పులు. మొదట నాకు విసుగొచ్చింది, ప్లాన్ గురించి అడిగితే గోడు చెప్తారేంటని. రాత్రి నోట్సు చూసుకుంటే అర్థమైంది, ఇరవై ఏళ్లుగా తెగని సమస్యలున్నవాడికి ఇంకో ఇరవై ఏళ్ల గురించి అడిగితే ఇంకేం చెప్తాడు.

ఆ పది నిమిషాల్లో వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. మిలిటరీ మనిషి కాదు, రైతు. "మావోడు అగ్నివీర్ అండి, వచ్చాక ఈ ఆఫీసుకే రావాలా?" అన్నాడు. హాలు నిశ్శబ్దం. సార్ గొంతు సవరించుకుని, చూద్దాం అన్నారు.

నాకు ఆ ప్రశ్న గుండెల్లో గుచ్చుకుంది, ఎందుకంటే మా అక్క కొడుకూ అగ్నివీరే. మొదటి బ్యాచ్, 2023 జనవరిలో ట్రైనింగుకు వెళ్లాడు. 2022 జూన్‌లో నాలుగేళ్లకే సైన్యంలో చేర్చుకునే ఈ అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంత గొడవ జరిగిందో గుర్తుందిగా, ఆ వారమంతా మా అక్క వాణ్ణి గడప దాటనివ్వలేదు. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరిని ఉంచుకుంటారు, ముగ్గురు సుమారు 11.71 లక్షల సేవానిధితో, అంటే ఒకేసారి చేతికిచ్చే మొత్తంతో, ఇంటికొస్తారు. పెన్షన్ లేదు, మాజీ సైనికులకుండే ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు, క్యాంటీన్ లేదు, మాజీ సైనికుడు అన్న హోదా కూడా లేదు. అంటే మా రిజిస్టరులో వాళ్ల పేరు ఎక్కదు.

ఆ ఆదివారం వయసుల లెక్క ముందేసుకుని కూర్చున్నాను. ఈ మొత్తం తతంగంలో నేను నిజంగా ప్లాన్ అని చేసింది ఆ ఒక్క రోజే. 65, 71 యుద్ధాల నాటివాళ్లు ఇప్పుడు 70లు, 80లలో ఉన్నారు, వచ్చే పదేళ్లు పని అంతా వాళ్లదీ, వాళ్ల భార్యలదీ. కార్గిల్ నాటికి చేరినవాళ్లం, నా బోటివాళ్లం, 2047కి డెబ్బై దాటుతాం. (నాకు 71. నా గడి నేనే నింపుకున్నట్టయ్యింది.) కోవిడ్‌తో రెండేళ్లపాటు ఆర్మీ ర్యాలీలు జరగలేదు, అంటే పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు చేసి వచ్చేవాళ్లలో 2030ల చివర్లో ఒక ఖాళీ కనిపిస్తుంది. ఆ తర్వాత చేరినవాళ్లంతా అగ్నివీరులే. వాళ్లలో ఉంచేసిన పాతిక శాతం నాలుగేళ్ల మీద కనీసం ఇంకో పదిహేనేళ్లు చేయాలి, మొదటి బ్యాచ్ అయితే 2042 దాకా బయటికి రారు. వచ్చినా వచ్చేది నాలుగో వంతే. అంటే పెన్షన్ తీసుకునే మాజీ సైనికుల సంఖ్య ఏటికేడు తగ్గుతూ పోతుంది. మరి 2027 నుంచి ఏటా ఊళ్లోకి దిగేది ఎవరు? పాతికేళ్లు నిండీ నిండని కుర్రాళ్లు, ఉద్యోగం కావాల్సినవాళ్లు, మా తలుపు కొట్టడానికి కాగితం లేనివాళ్లు. 2047లో మా కౌంటర్ ముందు నిలబడే మనిషి ఈనాటి నిర్వచనం ప్రకారం మా మనిషే కాదు.

దీన్ని ఒక పేజీలో రాసి, కింద ఒక కొత్త గడి గీశాను: "సర్వీసు ముగించి వచ్చే అగ్నివీరులు, నమోదు, ఉద్యోగ సహాయం". సార్ రెండుసార్లు చదివారు. "రూల్సులో లేనిదాన్ని నేనెలా పెడతాను?" అన్నారు. తర్వాత టీ తెప్పించారు. టీ అయ్యాక, "పెట్టు, ఎవడైనా అడిగితే నేను చెప్తాను" అన్నారు.

గడువు మూడుసార్లు పొడిగించారు, కాబట్టి కంగారు పడి రాత్రుళ్లు కూర్చోకండి. ఒక కలెక్టరేట్‌లో రివ్యూ దసరా వెళ్లాక, అక్టోబర్ 17న. పొద్దున పదింటికి రమ్మన్నారు, మా వంతు రెండున్నరకు వచ్చింది. భోజనాలు పెద్ద శాఖల అధికారులకు పెట్టారు, మేం బయట పులిహోర పొట్లాలు తిన్నాం. లోపల మాకు దక్కింది నాలుగు నిమిషాలు. మొదటి ప్రశ్న: "మీ శాఖ వల్ల జిల్లా ఉత్పత్తికి ఎంత?" రెండోది: "పది సూత్రాల్లో మీరు ఏ సూత్రం కిందికి వస్తారు?" పేదరికం లేకపోవడం, ఉపాధి, నైపుణ్యాలు, నీటి భద్రత, ఇలా స్వర్ణాంధ్ర ప్లానుకు పది ఉన్నాయి. మా సార్ తడుముకోకుండా, "మా వాళ్ల పెన్షన్లు ప్రతి నెలా ఈ జిల్లా ఊళ్లలోనే ఖర్చవుతున్నాయి సార్, ఎంత అనేది ప్రయాగ్‌రాజ్ వాళ్లకు తెలుసు, మాకు తెలియదు" అన్నారు. ఎవరో నవ్వారు. మూడో ప్రశ్న మీరు ఊహించలేరు. "సాగు విస్తీర్ణం సున్నా అని ఎందుకు వేశారు, మాజీ సైనికులకు అసైన్డ్ భూములున్నాయి కదా?" ఆ సున్నా మా కొంప ముంచింది. వారంలోగా భూముల లెక్క ఇవ్వమన్నారు. కానీ చూడండి, మేం ఏళ్లుగా అడుగుతున్నా కదలని భూముల జాబితా ఆ గడి పుణ్యమా అని తహసీల్దార్ల దగ్గర్నుంచి తొమ్మిది రోజుల్లో వచ్చింది. సున్నా వేయమన్నందుకు సార్‌కి నేను ఇప్పటికీ థాంక్స్ చెప్తుంటాను.

అగ్నివీరుల గడి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. దీపావళి తర్వాత రెండు జిల్లాల ఫైళ్లూ తిరిగొచ్చాయి, తుది కాపీ సరిచూసుకోమని. మా పద్నాలుగు పేజీలు ఒక ఫైలులో రెండు లైన్లు, ఇంకోదాంట్లో మూడు లైన్లు అయ్యాయి. ఆ గడి ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే అవతల కంప్యూటర్ ముందున్న కుర్రాడు, "అది కేంద్రం సబ్జెక్ట్ అని తీసేశారండి" అన్నాడు మర్యాదగానే. చాలా నీరసం వచ్చింది. ఆ వారం నేను ఆఫీసు వైపు వెళ్లలేదు.

డబ్బుల లెక్క కూడా చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. పెట్రోలు, బస్సులు కలిపి 3,150. జిరాక్సులు 640. సమోసాలు రెండో విడతతో కలిపి 1,900, అది సంఘం ఇచ్చింది. తొమ్మిది రోజుల జీతం కాలేజీలో కట్. ప్లానింగుకు పైసా బడ్జెట్ లేదు. మా ఆవిడ మాత్రం ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ భయం.

నవంబర్‌లో మాత్రం పని జరిగింది. వయసుల లిస్టు చేతిలో ఉంది కాబట్టి, లైఫ్ సర్టిఫికెట్లకు ఎవరి ఇంటికి మనిషిని పంపాలో తెలిసింది. 80 దాటినవాళ్ల ఇళ్లకు మా సంఘం కుర్రాళ్లు వేలిముద్ర మిషన్, ఫోన్ పట్టుకుని వెళ్లారు. పేరు తప్పులున్న పందొమ్మిది మంది ఆడవాళ్ల కాగితాలు ఒకే రోజు కూర్చోబెట్టి రాయించాం. మామ్మగారి ఫైలు అందులోనే ఉంది, ఇంకా రాలేదు. తాతగారి దరఖాస్తు ఢిల్లీలో పెండింగ్ అని చూపిస్తోంది. డిసెంబర్ 7 జెండా దినోత్సవానికి ఆయన్ని స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన నా చెవిలో, "ఆ నాలుగు వేలు ఎప్పుడొస్తాయి?" అన్నారు.

డిసెంబర్ 13న విజయవాడలో ముఖ్యమంత్రి విజన్ డాక్యుమెంట్ విడుదల చేస్తుంటే టీవీలో చూశాం, సార్, క్లర్కు, అటెండరు, నేను. 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ అంటున్నారు. అటెండరు, "అంటే ఎన్ని సున్నాలు సార్?" అని అడిగాడు. కాగితం మీద వేయడం మొదలుపెట్టి మధ్యలో మానేశాం, ఎవరో వితంతు కార్డు కోసం వచ్చారు.

గడి పోయింది కాబట్టి నేను వేరే పని చేశాను. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, మా మండలం నుంచి వెళ్లిన అగ్నివీరుల పేర్లు రాయడం మొదలుపెట్టాను. పేరు, ఊరు, ఆర్మీలో ఏ విభాగం, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు వస్తాడు, వాళ్ల అమ్మానాన్నల ఫోన్ నంబరు. సంక్రాంతికి పదిహేడు మంది అయ్యారు. ఇది ఆఫీసు రిజిస్టరు కాదు, నా సొంతం. సార్‌కి తెలుసు, చూసీ చూడనట్టు ఉన్నారు, వచ్చే సైనిక బోర్డు మీటింగులో నోటిమాటగా అయినా ఎత్తుతానన్నారు.

మా మేనల్లుడు భోగి నాడు సెలవు మీద దిగాడు. మంట దగ్గర చేతులు కాచుకుంటూ, "మామయ్యా, ఆ పుస్తకం చూపించు" అన్నాడు, వాళ్లమ్మ చెప్పేసింది. లోపలికెళ్లి తెచ్చాను. తన పేరు మొదటి వరుసలో ఉండడం చూశాడు. ఎప్పుడు వస్తాడు అన్న చోట "2027 జనవరి" అని నేను పెన్నుతో రాశాను. వాడు కాసేపు చూసి, "ఇది పెన్సిల్‌తో రాయాల్సింది మామయ్యా, నన్ను ఉంచుతారేమో" అన్నాడు. నిజమే. ఆ గడి కొట్టేసి పెన్సిల్‌తో మళ్లీ రాశాను. తర్వాత వాడే ఫోన్ తీసి, పక్క ఊళ్ల నుంచి తనతో చేరినవాళ్ల పేర్లు నలుగురివి, నంబర్లతో సహా చదువుతుంటే రాసుకున్నాను. ఇరవై ఒకటి.